డబ్బులు పెట్టి జనాన్ని చూడ్డానికి వెళ్లావా?

ప్రశ్న: మాది ఖమ్మం, జాబ్ బెంగళూరులో. మొన్న మా బావ లాక్కెళ్తే మెటల్ (హోరెత్తించే రాక్ సంగీతం) కన్సర్ట్‌కి వెళ్లానండి. పాటలు పెద్దగా ఎక్కలేదు గానీ జనాన్ని చూస్తుంటే మూడు గంటలు ఎలా గడిచాయో తెలీలేదు. కుర్రాళ్లు ఒకళ్లనొకళ్లు గుద్దుకుంటారు, మళ్లీ వాళ్లే భుజాల మీద చేతులేసుకుని నవ్వుతారు. అది గొడవా, ఆటా? మా బావేమో డబ్బులు పెట్టి జనాన్ని చూడ్డానికి వచ్చావా అని ఒకటే ఏడిపిస్తున్నాడు.

జవాబు: మా అమ్మమ్మ తిరునాళ్లకెళ్లొస్తే దేవుడి సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, ఎవరొచ్చారు ఎవరెలా ఉన్నారు అని వారం రోజులు చెప్పేది, మీదీ అదే ఇష్టం అండి, హాయిగా చూడండి.

మీరు చూసింది మాష్ పిట్, అంటే జనం మధ్యలో కుర్రాళ్లు కావాలనే గుద్దుకుంటూ ఆడే చోటు. గొడవ కాదు. 2011 అక్టోబర్‌లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా బ్యాండ్ వాయించినప్పుడు నేనూ వెనక నిలబడి ఇదే చూశా, ఒక కుర్రాడు కింద పడగానే అప్పటిదాకా గుద్దుకుంటున్న నలుగురూ ఆగిపోయి చంకల కింద చేతులేసి లేపేశారు, ఇంకొకడు ఊడిపోయిన షూ ఒకటి పైకెత్తి ఎవరిదిరా ఇది అని అరుస్తున్నాడు. పడినవాణ్ని లేపాలి, అదొక్కటీ అక్కడ అందరికీ తెలిసిన రూలు.

అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ ఫిజిక్స్ వాళ్లు ఇలాంటి కన్సర్ట్ వీడియోలు ముందేసుకుని 2013లో పేపరే రాశారు. పిట్‌లో మనుషుల కదలిక గ్యాస్‌లో అణువుల కదలికలా ఉందట. గుండ్రంగా పరిగెత్తే సర్కిల్ పిట్ అయితే సుడిగుండమే, అదీ ఎక్కువసార్లు గడియారం ముల్లుకి ఎదురు దిశలో, అంటే మన గుడి ప్రదక్షిణకి రివర్సులో! పక్కవాడు ఎటు పోతే అటు పోవడం, తగిలితే తూలడం, ఇలాంటి చిన్న రూల్స్ కంప్యూటర్‌కి ఇస్తే అవే ఆకారాలు వచ్చాయి.

కానీ ఒకటి మాత్రం గట్టిగా చెప్తా. పిట్ కంటే భయపడాల్సింది స్టేజీ ముందు ఇరుకుకి. 2000లో డెన్మార్క్‌లో రోస్కిల్డే ఫెస్టివల్‌లో పెర్ల్ జామ్ బ్యాండ్ వాయిస్తుండగా ముందు వరసల్లో జనం ఒకళ్ల మీద ఒకళ్లు పడి 9 మంది చనిపోయారు, ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. మీ కాళ్లు మీ మాట వినకుండా జనమే మిమ్మల్ని అలలా అటూ ఇటూ మోసేస్తుంటే ఇంక చూస్తూ ఉండొద్దు, చేతులు ఛాతీ ముందు మడిచి పెట్టుకుని, తోపు కాస్త తగ్గగానే ఏటవాలుగా పక్కకి వచ్చేయండి.

చూడ్డానికి మంచి చోటు సౌండ్ మిక్సింగ్ వాళ్ల టెంటు పక్కన. చెవుల్లో ఇయర్ ప్లగ్స్ మర్చిపోవద్దు. ఈసారి బ్యారికేడ్ దగ్గర సెక్యూరిటీ వాళ్లని గమనించండి, స్టేజీకి వీపు పెట్టి షో అంతా మీలాగే జనాన్నే చూస్తుంటారు, ఎవరి మొహం పాలిపోయింది, ఎవరు చెయ్యెత్తి పిలుస్తున్నారు అని, కనపడితే చాలు ఆ మనిషిని బ్యారికేడ్ మీదుగా ఇవతలకి లాగేస్తారు. మీ బావకి కూడా చూపించండి.