వాడి తీసేసిన పారిశ్రామిక లెన్సులతో కీటకాల ఫొటోలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పాత ఫిల్ము స్కానర్ల నుంచి, కర్మాగారాల్లో సరుకును తనిఖీ చేసే కెమెరాల నుంచి విప్పి తీసిన లెన్సులు కొత్త మాక్రో లెన్సు (చిన్న వస్తువులను దగ్గరగా తీసే లెన్సు) ధరలో చిన్న వంతుకే అమ్మకానికి వస్తున్నాయి. కీటకాలను ఫొటో తీయడానికి వీటిలో ఏది పనికివస్తుందో ఎలా తేల్చుకోవాలి?

జవాబు: లెన్సు మీద చెక్కిన నాభ్యంతరాన్నీ (ఫోకల్ లెంగ్త్) ఎఫ్ సంఖ్యనూ (వెలుగు దూరే రంధ్రం సైజును చెప్పే అంకె; అంకె పెరిగితే రంధ్రం చిన్నది) మాత్రమే చూసి కొనేయకండి. ఆ లెన్సును ఏ ఆవర్ధనం కోసం తయారు చేశారో ముందుగా తెలుసుకోవాలి. ఆవర్ధనం అంటే సెన్సారు మీద పడే ప్రతిబింబం అసలు వస్తువుకు ఎన్ని రెట్లు ఉందన్న లెక్క. మామూలు కెమెరా లెన్సు దూరాన ఉన్న కొండనూ, గదిలో ఎదురుగా కూర్చున్న మనిషినీ కూడా బాగా చూపించాలి కాబట్టి దాని తయారీలో ఎన్నో రాజీలు తప్పవు. పారిశ్రామిక లెన్సుకు ఆ అవసరం లేదు. అది పనిచేసినంత కాలమూ ఒకే దూరం నుంచి ఒకే తరహా వస్తువును చూస్తుంది గనుక, ఆ ఒక్క దూరంలో మధ్య నుంచి మూలల దాకా పదును తగ్గకుండా దాన్ని తీర్చిదిద్దుతారు. ఆ దూరం తప్పితే అదే లెన్సు సాధారణమైన లెన్సు కంటే కూడా వెనకబడిపోవచ్చు.

రోడెన్‌స్టాక్ కంపెనీ ఆపో-రోడగాన్ డి 75 మి.మీ. లెన్సు దీనికి మంచి ఉదాహరణ. ఇది రెండు రకాలుగా వచ్చింది. ఎఫ్/4 అని ఉన్నది ఒక రెట్టు ఆవర్ధనానికి, ఎఫ్/4.5 అని ఉన్నది రెండు రెట్లకు ఉద్దేశించినవి. రెండింటికీ నాభ్యంతరం ఒకటే, చూడటానికి కూడా తోబుట్టువుల్లా ఉంటాయి. తేనెటీగను మొత్తంగా తీయాలనుకునేవారు మొదటిదాన్ని, దాని తలను దగ్గరగా తీయాలనుకునేవారు రెండోదాన్ని ఎంచుకోవాలి.

ఫిల్ము స్కానర్ల లెన్సులకు మంచి పేరు రావడానికి కారణం ఉంది. మినోల్టా డైమేజ్ స్కాన్ ఎలీట్ 5400 అనే స్కానరు ఒక అంగుళం ఫిల్మును 5400 చుక్కలుగా విడదీసి చదివేది, అంటే ఒక్కో చుక్క 4.7 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు). అంత సన్నని వివరాన్ని రంగు అంచులు లేకుండా చూపగల లెన్సు ఒక రెట్టు నుంచి మూడు రెట్ల దాకా కీటకాలకు చక్కగా సరిపోతుంది. అయితే స్కానర్ల నుంచి తీసిన లెన్సులకు తరచుగా కెమెరాకు బిగించే మర ఉండదు, ఎపర్చరు (వెలుగు దూరే రంధ్రం) మార్చే వలయమూ ఉండదు. వాటిని ఒక గొట్టంలో బిగించి, ఉన్న ఎపర్చరుతోనే సర్దుకోవాలి. వస్తువును ఒక్కో గీత చొప్పున చదివే లైన్ స్కాన్ కెమెరాల లెన్సుల్లో పెద్ద సౌకర్యం ఏమిటంటే, వాటిలో చాలావరకు పొడవైన సెన్సార్ల కోసం చేసినవి కాబట్టి 43 మి.మీ. కర్ణం ఉన్న ఫుల్‌ఫ్రేమ్ సెన్సారును కూడా పూర్తిగా నింపుతాయి. సి-మౌంటు అనే సన్న మరతో చిన్న కెమెరాలకు బిగించే లెన్సులు చిన్న సెన్సార్ల కోసం పుట్టినవి. వాటిని ముందుకు జరిపే కొద్దీ ప్రతిబింబ వలయం (లెన్సు వేసే గుండ్రని బొమ్మ) పెరుగుతుంది గాని, మూలల్లో పదును దొరకడం అరుదు. చిప్పులను ముద్రించే యంత్రాల లెన్సుల జోలికి మాత్రం వెళ్లవద్దు. అవి చూడటానికి ఎంతో ఘనంగా ఉంటాయి, కానీ 365 లేదా 436 నానోమీటర్ల వంటి ఒకే ఒక తరంగదైర్ఘ్యానికి కుదిర్చినవి కావడంతో మామూలు వెలుగులో రంగులు చెదిరిపోతాయి.

ప్రశ్న: నా దగ్గర ఫొటోలను పెద్దవి చేసే ఎన్‌లార్జరు లెన్సు, 50 మి.మీ. ఎఫ్/2.8 ఉంది. దాన్ని బెలోస్‌కు (ముడతలుగా సాగే గొట్టం) బిగించి మూడు రెట్ల ఆవర్ధనంలో అక్షింతల పురుగును తీశాను. మధ్యలో బాగుంది గాని అంచులు అలికినట్టు వచ్చాయి. లెన్సు చెడిపోయిందా?

జవాబు: చాలావరకు మీ లెన్సులో లోపం ఉండదు, దాన్ని బిగించిన దిశే తారుమారైంది. ఎన్‌లార్జరులో ఈ లెన్సు మర ఉన్న వైపు చిన్న నెగటివును చూస్తుంది, ముందు వైపు పెద్ద కాగితాన్ని చూస్తుంది. ఆవర్ధనం ఒక రెట్టు దాటినప్పుడు మీ దగ్గర చిన్నది పురుగు, పెద్దది సెన్సారు మీది ప్రతిబింబం. కాబట్టి మర ఉన్న వైపు పురుగుకు ఎదురుగా ఉండాలి. ముందు భాగంలో ఫిల్టరు కోసం ఉన్న మరకు రివర్స్ రింగు బిగించి లెన్సును తిరగేయండి. నేను కూడా మొదట్లో ఈ పొరపాటు వల్లే ఒక మంచి లెన్సును పనికిరానిదని నెలల తరబడి పక్కన పెట్టేశాను. తిరగేసి చూసిన రోజున పెంకు పురుగు రెక్కల మీది గుంటలు ఫ్రేము మూల దాకా విడివిడిగా కనిపించాయి.

గొట్టాల పొడవు లెక్క తేలికే. నాభ్యంతరాన్ని ఆవర్ధనంతో హెచ్చిస్తే, అనంత దూరానికి ఫోకస్ అయ్యే స్థానం నుంచి లెన్సును ఇంకా ఎంత ముందుకు జరపాలో వస్తుంది. 50 మి.మీ. లెన్సుకు మూడు రెట్లు కావాలంటే 150 మి.మీ. జరపాలి. సాధించిన ఆవర్ధనాన్ని సరిచూసుకోవడానికి స్టీలు స్కేలును ఫొటో తీయండి. ఫుల్‌ఫ్రేమ్ సెన్సారు వెడల్పు 36 మి.మీ. కాబట్టి, ఫ్రేములో అడ్డంగా 12 మి.మీ. గీతలు కనిపిస్తే అది కచ్చితంగా మూడు రెట్లు.

ప్రశ్న: నాలుగు రెట్ల ఆవర్ధనంలో ఈగ తల మొత్తం స్పష్టంగా రావాలని ఎఫ్/11 పెట్టాను. తలంతా ఫోకస్‌లోకి రాలేదు సరికదా, కంటి మీద ఉండవలసిన షట్కోణాలు కూడా కరిగిపోయాయి. ఎందుకిలా?

జవాబు: ఇందుకు కారణం వివర్తనం, అంటే చిన్న రంధ్రం గుండా వెళ్లిన వెలుగు పక్కలకు పరుచుకోవడం. దీన్ని అంకెల్లో చూస్తే మళ్లీ ఆ పొరపాటు జరగదు. ఆవర్ధనం పెరిగేటప్పుడు లెన్సు సెన్సారుకు దూరమవుతుంది కాబట్టి, అసలు పనిచేసే ఎఫ్ సంఖ్య లెన్సు మీద రాసి ఉన్న సంఖ్యను ఆవర్ధనానికి ఒకటి కలిపిన దానితో హెచ్చించినంత అవుతుంది. నాలుగు రెట్ల దగ్గర ఎఫ్/11 అంటే నిజానికి ఎఫ్/55. ఆ ఎపర్చరులో ఒక్క బిందువు సెన్సారు మీద 74 మైక్రాన్ల మచ్చగా పరుచుకుంటుంది. దాన్ని నాలుగుతో భాగిస్తే ఈగ మీద 18 మైక్రాన్ల పైచిలుకు. ఈగ సంయుక్త నేత్రంలో ఒక్కో షట్కోణం వెడల్పు కూడా దాదాపు అంతే! ఒక్కో గడి మీదా అంతే సైజు మసక పడితే గడికీ గడికీ మధ్య గీత ఎలా మిగులుతుంది? అదే ఎఫ్/2.8 దగ్గర మచ్చ ఈగ మీద 5 మైక్రాన్ల లోపే ఉంటుంది, గడులు గడులుగానే కనిపిస్తాయి.

ఎఫ్/2.8 వద్ద ఒక్క ఫొటోలో పదునుగా వచ్చే పొర 0.03 మి.మీ. మందం కూడా ఉండదు. అందుకే ఫోకస్ స్టాకింగ్ చేస్తారు. కెమెరాను మర ఉన్న పట్టా మీద 0.02 మి.మీ. చొప్పున జరుపుతూ వరుసగా ఫొటోలు తీసి, జిరీన్ స్టాకర్, హెలికాన్ ఫోకస్ వంటి సాఫ్ట్‌వేర్లతో వాటిలో పదునైన భాగాలను ఒక్కటిగా కలపాలి. ఒక మి.మీ. లోతుకు 50 ఫొటోలు అవుతాయి. ఇది ఎక్కువనిపిస్తే, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ప్రకృతి చరిత్ర మ్యూజియంలోని కీటకాలను తీసిన ఫొటోగ్రాఫర్ లెవన్ బిస్ తన మైక్రోస్కల్ప్చర్ చిత్రాల్లో ఒక్కోదానికి దాదాపు 8,000 ఫొటోలు తీశారని గుర్తు చేసుకోండి. అంతకంటే పెద్ద ఆవర్ధనానికి వెళ్లాలంటే తనిఖీ మైక్రోస్కోపుల నుంచి వచ్చే మిటుటోయో కంపెనీ 10 రెట్ల ఆబ్జెక్టివ్ (మైక్రోస్కోపులో వస్తువు వైపు ఉండే లెన్సు) నాకు చాలా ఇష్టమైనది. దాన్ని అనంత దూరానికి ఫోకస్ చేసిన 200 మి.మీ. లెన్సు ముందు బిగించాలి. అంత ఆవర్ధనంలోనూ పురుగుకూ గాజుకూ మధ్య 34 మి.మీ. దాకా ఖాళీ ఉంటుంది కాబట్టి వెలుగు పడటానికి చోటు దొరుకుతుంది.

ప్రశ్న: పురుగులు కదలకుండా ఉండటానికి వాటిని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టమని ఒకరు సలహా ఇచ్చారు. అలా చేయవచ్చా?

జవాబు: దయచేసి చేయవద్దు. చలికి బిగుసుకున్న కీటకం కాళ్లు ముడుచుకుని అసహజంగా కనిపిస్తుంది, బయటికి తీయగానే ఒంటి నిండా తేమ పడుతుంది, కొన్ని తిరిగి కోలుకోవు కూడా. చాలా కీటకాల ఒంటి వేడి చుట్టూ ఉన్న గాలిని బట్టే మారుతుంది కాబట్టి, ఎండ పొడచూపక ముందు చల్లని వేళలో వెళితే అవే కదలకుండా ఉంటాయి. గడ్డిపోచను పట్టుకుని నిద్రపోతున్న తూనీగ కళ్ల మీద, మెడ వెంట్రుకల మీద మంచు ముత్యాల్లా నిలిచి ఉంటుంది. గాలి లేకపోతే అక్కడే 20 ఫొటోల స్టాక్ తీయవచ్చు. మెలకువగా తిరుగుతున్న చీమకూ తేనెటీగకూ స్టాకింగ్ కుదరదు. రెండు రెట్లు మించకుండా, ఫ్లాష్‌ను అతి తక్కువ శక్తిలో పెట్టి, ఒకే ఫొటోతో తృప్తి పడాలి. తక్కువ శక్తిలో ఫ్లాష్ వెలుగు సెకనులో పదివేలవ వంతు కంటే తక్కువ సేపు మెరుస్తుంది కాబట్టి కదలిక అందులో నిలిచిపోతుంది. ఫ్లాష్‌కూ పురుగుకూ మధ్య పలుచని తెల్ల ప్లాస్టిక్కును పురుగుకు వీలైనంత దగ్గరగా వంచి పెడితే పెంకు మీద తెల్లని మెరుపు మచ్చలు పడవు.

ప్రశ్న: లెన్సు శుభ్రంగానే ఉంది, అయినా ఫొటోల మీద పాలపొర కప్పినట్టు ఉంటోంది.

జవాబు: గొట్టాల లోపలి గోడల మీద పడిన వెలుగు తిరిగి సెన్సారు మీదికి చేరుతోంది. మీ సెన్సారుకు కావలసిన దానికంటే పెద్ద ప్రతిబింబ వలయం ఉన్న లెన్సుల్లో ఇది మరీ ఎక్కువ. కెమెరా నుంచి గొట్టాన్ని విప్పి, లెన్సు వైపును కిటికీకి చూపిస్తూ వెనక నుంచి లోపలికి చూడండి. నల్లని రంగు వేసిన లోహం కూడా ఏటవాలుగా చూస్తే వెండిలా మెరుస్తుంది. గొట్టం లోపల నల్లని మఖ్‌మల్ కాగితం అంటించి మళ్లీ అలాగే చూడండి. లెన్సు గాజు తప్ప ఇంకేమీ వెలుగుతూ కనిపించకూడదు.