కొండ మెట్లు లెక్కపెట్టి రా

చి.ల.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

నీ ఫోను వచ్చి రెండు రోజులైంది. పార్టీవాళ్లు కార్పొరేటర్‌గా పోటీ చేయమన్నారని చెప్పి, "అసెంబ్లీలో కూర్చున్నదాన్ని ఇప్పుడు కౌన్సిల్ హాల్లో ఎలా కూర్చోను పెదనాన్నా?" అని అడిగావు. ఫోనులో జవాబు చెప్పి ఉంటే నిన్ను ఓదార్చేవాణ్ని, అది నీకు ఉపయోగపడదు. అందుకే ఉత్తరం. ముప్పై ఒక్క ఏళ్లు కార్పొరేషన్ కౌన్సిల్ విభాగంలో పనిచేశాను. మేయర్ కుర్చీ పక్కన కూర్చుని ఎవరేమన్నారో రాసుకోవడం నా పని. సభలో ఎవరూ వినని ఉపన్యాసాలు కూడా నేను వినక తప్పేది కాదు.

ముందుగా ఒక మాట. ఈ వార్త తెలియగానే నలుగురూ వచ్చి పెద్దల పేర్లు చెబుతారు. పటేల్ అహ్మదాబాద్ మున్సిపాలిటీకి అధ్యక్షుడు, నెహ్రూ అలహాబాద్ మున్సిపల్ బోర్డుకు చైర్మన్, మన ప్రకాశం పంతులు రాజమండ్రి మున్సిపల్ చైర్మన్ అని. అన్నీ నిజాలే. అయితే వాళ్లంతా మెట్లు ఎక్కుతూ అక్కడ ఆగినవాళ్లు. నువ్వు దిగుతున్నావు. దిగేవాళ్ల సంగతి వేరు.

దిగినవాళ్లు లేకపోలేదు. కేరళలో కె.ఎస్. శబరినాథన్ 2015 ఉప ఎన్నికలో అరువిక్కర నుంచి ఎమ్మెల్యే అయ్యాడు, 2016లో మళ్లీ గెలిచాడు, 2021లో ఓడిపోయాడు. 2025 డిసెంబరులో తిరువనంతపురం కార్పొరేషన్‌లో కవడియార్ వార్డు నుంచి నిలబడి గెలిచాడు. మేయర్ పదవికి పోటీపడితే అది దక్కలేదు. 101 వార్డుల సభలో ఒక కౌన్సిలర్‌గా కూర్చున్నాడు. న్యూయార్క్‌లో ఉన్న మీ అన్నయ్య ఇంకో వింత చెప్పాడు. అక్కడ బ్రూక్లిన్‌లో చార్లెస్ బారన్ అనే ఆయన పన్నెండేళ్లు సిటీ కౌన్సిల్ సభ్యుడు, ఆయన భార్య ఇనెజ్ రాష్ట్ర అసెంబ్లీ సభ్యురాలు. కౌన్సిల్‌లో ఆయన కాలపరిమితి ముగియగానే ఆ సీటుకు భార్య వచ్చింది, ఆయన అసెంబ్లీకి వెళ్లాడు. ఆమె గడువు తీరాక 2022లో ఆయన మళ్లీ కౌన్సిల్‌కే వచ్చాడు! మన దగ్గర అయితే పేపర్లు ఎన్ని రోజులు రాసేవో.

అమెరికావాళ్లకు అది చిన్నతనం కాకపోవడానికి ఒక లెక్క ఉంది. లాస్ ఏంజెలెస్‌లో దాదాపు 39 లక్షల జనాభాకు కౌన్సిల్ సభ్యులు 15 మందే. ఒక్కొక్కరి కింద రెండున్నర లక్షల పైన జనం. మన విజయవాడలో 2011 లెక్కల ప్రకారం పది లక్షల పైచిలుకు జనాభా, 64 డివిజన్లు. ఒక డివిజన్‌కు పదహారు వేల మంది. ముగ్గురు ఎమ్మెల్యేలు ఉన్న నగరంలో ఒక్కో ఎమ్మెల్యే కిందికి ఇరవై పైచిలుకు డివిజన్లు వస్తాయి. కాబట్టి దిగడమే, సందేహం లేదు. అది దిగడం కాదని నీకు నచ్చజెప్పేవాళ్లను నమ్మకు.

ఈ దిగడం నీకు ఎక్కడ గుచ్చుకుంటుందో కూడా చెబుతాను, ముందే తెలిస్తే నొప్పి తక్కువ. స్థానిక ఎమ్మెల్యే ఎక్స్అఫీషియో (పదవి రీత్యా) సభ్యుడి హోదాలో అదే హాల్లో ముందు వరుసలో కూర్చుంటాడు. నువ్వు ఎమ్మెల్యేగా ఉన్నప్పుడు పార్టీ ఆఫీసులో నీకు నమస్కారం పెట్టి పక్కకు జరిగిన కుర్రవాడే కావచ్చు. శిలాఫలకం మీద నీ పేరు ఐదో వరుసలో చిన్న అక్షరాలతో ఉంటుంది. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఒక్కోసారి నీ ఫోను ఎత్తడు. వార్డు సచివాలయంలో అడ్మిన్ సెక్రటరీ, శానిటేషన్ సెక్రటరీ, ప్లానింగ్ సెక్రటరీ అందరూ కమిషనర్‌కు జవాబుదారులు, నీకు కాదు. మొదటి ఆరు నెలలు "మాజీ ఎమ్మెల్యే" అన్న మాట నీ నోటి నుంచి రాకూడదు. ఇతరులు అంటే అననివ్వు.

నేను డిప్యుటేషన్ మీద మరో నగరంలో పనిచేసినప్పుడు చూసింది ఒకటి రాస్తాను. రెండుసార్లు ఎమ్మెల్యేగా చేసినాయన ఒకరు కార్పొరేటర్‌గా గెలిచి వచ్చారు. మొదటి సమావేశంలో లేచి రాష్ట్ర రాజకీయాల మీద ముప్పావుగంట మాట్లాడారు. గొప్పగా మాట్లాడారు, గ్యాలరీలో చప్పట్లు కూడా కొట్టారు. మినిట్స్‌లో, అంటే సభ నమోదులో, నేను రాసింది ఒకే ఒక వాక్యం: "గౌరవ సభ్యులు మాట్లాడారు." అందులో రాయదగిన తీర్మానం లేదు, సవరణ లేదు, అంకె లేదు. ఆ మధ్యాహ్నమే మొదటిసారి గెలిచిన ఒక అమ్మాయి చేతులు వణుకుతుండగా లేచింది. "అంశంలో సీసీ డ్రెయిన్ (సిమెంటు కాలువ) 110 మీటర్లు అని ఉంది. ఆ సందు పొడవే 70 మీటర్లు. నిన్న టేపు పట్టుకుని కొలిచాను" అంది. హాలు నిశ్శబ్దమైపోయింది. ఆ అంశాన్ని వాయిదా వేశారు, అంచనా మళ్లీ తయారుచేయమన్నారు. ఆ అమ్మాయికి మినిట్స్‌లో అర పేజీ వచ్చింది.

అసెంబ్లీ నీకు మాట్లాడటం నేర్పింది. ఇక్కడ కొలవడం నేర్చుకోవాలి. నేను చెప్పదలచింది చాలావరకు ఇదే.

కొలత అజెండాతో మొదలవుతుంది. సమావేశానికి ముందు వచ్చే ఆ కట్టను చాలామంది కారులో పడేసి, హాల్లోకి వచ్చాక విప్పుతారు. నువ్వు రాత్రి పూట పెన్సిల్‌తో చదువు. నీ డివిజన్ అంశాలు ఎలాగూ చూస్తావు. మిగతా డివిజన్లవి కూడా చూడు. ఒకే రకం పనికి రెండు చోట్ల అంచనా రేట్లు ఎందుకు వేరుగా ఉన్నాయో అడగడానికి అదే దారి. అన్నింటికన్నా జాగ్రత్తగా చూడవలసింది టేబుల్ అజెండా. సమావేశం రోజున చివరి నిమిషంలో బల్ల మీదికి వచ్చే కాగితాలు అవి. అత్యవసరం అంటారు. కొన్ని నిజంగానే అత్యవసరం. కొన్ని ముందే పంచితే ఎవరో ఒకరు చదువుతారన్న భయంతో దాచినవి. చదివేదాకా ఆమోదం అనకు. నచ్చకపోతే గొడవ చేయనక్కరలేదు, "నా అసమ్మతి నమోదు చేయండి" అని లేచి చెప్పి, అది నమోదయిందో లేదో తర్వాతి సమావేశంలో మినిట్స్ ధ్రువీకరించేటప్పుడు చూసుకో. గొంతు చించుకుని అరిచి, మినిట్స్ చూడని సభ్యుల అసమ్మతి ఎక్కడా మిగల్లేదు. రాసినవాణ్ని నేనే కదా.

తీర్మానం అయితే పని అయినట్టు కాదని నీకు తెలుసు. అంచనా, సాంకేతిక మంజూరు, పరిపాలన ఆమోదం, టెండరు, అగ్రిమెంటు, పని, ఎం-బుక్కు (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), బిల్లు. వీటిలో ఏది ఎక్కడ ఆగిందో ఒక నోటుపుస్తకంలో రాసుకో. పేజీకి ఒక పని. గత బిల్లులు రాలేదని కాంట్రాక్టర్లు టెండరు వేయకపోవడం మామూలు, అప్పుడు ఏఈ మీద కోప్పడి లాభం లేదు, అకౌంట్స్‌కు వెళ్లాలి.

పారిశుద్ధ్యం సంగతి ఒక్క ముక్కలో: వారానికి రెండు రోజులు తెల్లవారుజామున పారిశుద్ధ్య కార్మికుల హాజరు వేసే మస్టర్ పాయింట్ దగ్గర నిలబడు. ఏమీ మాట్లాడకు. ఎంతమంది పేర్లు పిలిచారో, ఎంతమంది చీపురు పట్టుకుని కదిలారో చూడు.

ఇప్పుడు నీ డివిజన్. పార్టీవాళ్లు ఇస్తామన్నది కొండ ప్రాంతం అన్నావు. బల్లపరుపు డివిజన్‌కూ దీనికీ సంబంధమే లేదు. కింద రోడ్డు మీది వాళ్ల బాధ పార్కింగు. పైవాళ్ల బాధ నీళ్లు, మెట్లు, గోడ. కుళాయి వచ్చే వేళకు పై వరసకు ఒత్తిడి అందదు, బిందెలతో దిగుతారు. గర్భిణిని కుర్చీలో కూర్చోబెట్టి దించుతారు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. మర్నాడే బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగితే ఊరంతా అటు చూసింది, కొండను మరిచిపోయింది. కొండ మట్టిని ఆపే రిటైనింగ్ వాల్ అడిగేటప్పుడు వాన కాలువ కూడా కలిపి అడుగు. నీరు బయటికి పోయే దారి లేని గోడ వెనక మట్టి నానుతుంది, గోడే ముందుకు వస్తుంది. ఇది నాకు ఒక ఇంజనీరు చెప్పింది, నా సొంత తెలివి కాదు.

నీకు మాత్రమే ఉన్న బలం ఒకటుంది. రాష్ట్ర సచివాలయంలో ఫైలు ఏ గదిలో ఆగుతుందో తెలుసు. కౌన్సిల్ తీర్మానాన్ని ప్రభుత్వం నిలిపివేయగలదనీ రద్దు చేయగలదనీ కొత్త కార్పొరేటర్లకు చాలామందికి తెలియదు. నగర పాలక సంస్థల కోసం చేసిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చింది. నగరాలకు అప్పగించదగిన 18 అంశాలు పన్నెండో షెడ్యూల్లో రాశారు. వాటిలో ఎన్ని నిజంగా నగరాల చేతికి వచ్చాయో ఎమ్మెల్యేగా నువ్వు అవతలి వైపు నుంచి చూశావు. నిజం చెప్పు, కార్పొరేషన్ల అధికారాలు పెంచమని అసెంబ్లీలో ఒక్కసారైనా అడిగావా? నిన్ను తప్పుపట్టడం లేదు, ఎవరూ అడగరు. ఇప్పుడు ఆ లోటు నీ మీదే పడుతుంది. 2021లో ఆస్తి పన్ను లెక్క అద్దె విలువ నుంచి మూలధన విలువకు, అంటే ఆస్తి ధరకు, మారింది. ఆ చట్టం చేసింది అసెంబ్లీ. ఆ నోటీసు పట్టుకుని ఇంటికి వచ్చి తిట్టేది మాత్రం కార్పొరేటర్‌ను.

ఇక ఇంటి విషయం. మన రాష్ట్రంలో సగం సీట్లు ఆడవాళ్లవి, అయినా ఏఈ గదిలో కూర్చునేది ఎక్కువగా వాళ్ల భర్తలు. అల్లుడు మంచివాడు, నాకు తెలుసు. అందుకే చెబుతున్నాను, కార్పొరేషన్ మెట్లు అతను ఎక్కకూడదు. ఒక్కసారి వచ్చి ఏఈతో మాట్లాడితే, మరుసటి నెల నుంచి నీ ఫోను ఎత్తరు, అతని ఫోనే ఎత్తుతారు.

ఖర్చు గురించి రాయను. నాకన్నా నీకు ఎక్కువ తెలుసు. పొలం జోలికి మాత్రం వెళ్లకు.

నిర్ణయం నీది. ఒప్పుకునే ముందు ఒక పని చెయ్యి. కార్యకర్తలు ఎవరూ లేకుండా, చెప్పులు గట్టివి వేసుకుని, సాయంత్రం నీళ్లు వదిలే వేళకు ఆ కొండ ఎక్కు. ఎవరైనా గుర్తుపడితే నమస్కారం పెట్టి సాగిపో. పై ట్యాంకు దాకా మెట్లు ఎన్నో లెక్కపెట్టి, వాటిలో ఎన్ని విరిగాయో రాసుకుని ఆదివారం భోజనానికి రా. మీ పెద్దమ్మ గోంగూర తెప్పిస్తానంది. అటక మీద నా పాత ముప్పై మీటర్ల టేపు ఉంది, దించి తుడిచి పెడతాను. ఆ కొండకు నా దగ్గర ఇరవై ఏళ్ల నాటి లెక్క ఒకటి ఉంది, అది మాత్రం ఇప్పుడు చెప్పను. నీ లెక్కతో పోల్చి చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న