ఇళ్ళ మధ్య మందిరం కట్టబోయే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఇంతకాలం బడి హాలు అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకుంటున్న మీ క్రైస్తవ సంఘం సొంత మందిరం కోసం ఇళ్ళ మధ్య స్థలం చూసుకున్నదనీ, ఆ మాట బయటికి పొక్కగానే చుట్టుపక్కలవాళ్ళు వ్యతిరేకంగా సంతకాలు సేకరించడం మొదలుపెట్టారనీ, కట్టడ కమిటీ బాధ్యత నీ మీద పడిందనీ రాశావు. మీలాగే అమెరికాలో ఉంటూ సివిల్ ఇంజనీరుగా పనిచేసి, ఆ తరువాత మా ఊరి ప్లానింగ్ కమిషన్‌లో కూర్చుని చర్చిల దరఖాస్తులూ, గుడుల దరఖాస్తులూ, మసీదుల దరఖాస్తులూ విన్నవాణ్ణి కనుక నాకు తెలిసినది వివరంగా రాస్తున్నాను. నేను చెప్పేదంతా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది. నేల సంగతి వేరు, విశ్వాసం సంగతి వేరు. గోడలు, కార్లు, దీపాలు, వాన నీళ్ళు వంటి నేల సంగతుల్లో పొరుగువాళ్ళ కోసం మీకు చేతనైనంత సర్దుకోండి. ఎవరు వస్తారు, ఎలా ప్రార్థిస్తారు, ఏ భాషలో పాడతారు అన్నవాటి మీద మాత్రం ఎవరు షరతు పెట్టినా ఒప్పుకోకండి.

అన్నిటికంటే ముందు స్థలం కొనుగోలు ఒప్పందం తీసి చూడు. జోనింగ్ అనుమతి, అంటే ఏ ప్రాంతంలో ఏమి కట్టవచ్చో చెప్పే ఊరి నియమాల కింద అనుమతి, వస్తేనే కొనుగోలు పూర్తవుతుందన్న షరతు అందులో ఉండి తీరాలి. అమ్మేవారు ఆ షరతుకు ఒప్పుకోకపోతే ఆ స్థలం వదులుకోవడమే మంచిదని నా అభిప్రాయం. సంఘస్తులు రూపాయి రూపాయి కూడబెట్టి ఇచ్చిన కానుకలను అనుమతి లేని నేలలో పాతిపెట్టే హక్కు ఏ కమిటీకీ లేదు. ఇల్లినాయ్ రాష్ట్రంలోని నార్త్‌బ్రూక్‌లో పెట్రా ప్రెస్బిటేరియన్ చర్చి, అనుమతి దొరికేలా లేదని తెలిసి కూడా పారిశ్రామిక ప్రాంతంలోని ఒక గోదామును కొనేసింది. వివాదం అప్పీలు కోర్టు దాకా వెళ్ళగా, తెలిసి చేసిన సాహసానికి ఊరిని బాధ్యురాలిని చేయలేమని 2007లో తీర్పు వచ్చింది. ముందు కొనేద్దాం, తరువాత దేవుడే దారి చూపిస్తాడని మీ కమిటీలో ఎవరైనా అంటే ఈ కేసు గురించి చెప్పు.

తరువాత ప్లానింగ్ కార్యాలయానికి వెళ్ళి, దరఖాస్తు పెట్టకముందే జరిగే ప్రాథమిక సమావేశాన్ని అడుగు. చాలా ఊళ్ళలో దీనికి ఏర్పాటు ఉంటుంది. అక్కడ తేల్చుకోవలసినది ఆ ప్రాంతంలో చర్చికి నియమాలు ఎలా ఉన్నాయన్నదే. కొన్ని ఊళ్ళలో నివాస ప్రాంతంలో చర్చి నేరుగా కట్టుకోవచ్చు. ఎక్కువ ఊళ్ళలో స్పెషల్ యూజ్ పర్మిట్ లేదా కండిషనల్ యూజ్ పర్మిట్ అనే ప్రత్యేక అనుమతి కావాలి. అంటే చర్చి అక్కడ ఉండటం సూత్రప్రాయంగా తగినదేనని చట్టం ముందే ఒప్పుకున్నట్టు. ఏ షరతులతో అన్నది మాత్రమే విచారణలో తేలాలి. మూడోది, స్థలం జోనింగ్‌నే మార్చమని అడగవలసి రావడం. అది చాలా బరువైన కోరిక. ఎందుకంటే రేపు మీరు స్థలం అమ్మేసుకుంటే, మారిన జోనింగ్ కింద అక్కడ ఇంకేమి వస్తుందోనని పొరుగువాళ్ళకు న్యాయమైన భయం ఉంటుంది. విస్కాన్సిన్‌లోని న్యూ బెర్లిన్‌లో ఒక గ్రీకు ఆర్థడాక్స్ చర్చికి సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. తమకున్న 40 ఎకరాల్లో 14 ఎకరాలకు జోనింగ్ మార్చమని అడిగి, ఊరివాళ్ళ భయం తీర్చడానికి అక్కడ చర్చికి సంబంధించినవి తప్ప మరేమీ కట్టకూడదన్న ఆంక్షకు ఆ చర్చే ఒప్పుకుంది. అయినా ఊరు నిరాకరించింది. ఆ నిరాకరణ చర్చి మీద అన్యాయమైన భారం మోపిందని 2005లో ఏడవ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. అలా ఆంక్షకు సిద్ధపడటం ఆ చర్చికి ఎంత బలమైందో గమనించు.

ఇక పొరుగువాళ్ళ సంగతి. నీ ఉత్తరంలో వాళ్ళను శత్రువులుగా రాశావు, అది నాకు బాధ కలిగించింది. 1926లో ఒహాయోలోని యూక్లిడ్ గ్రామం కేసులో సుప్రీంకోర్టు జోనింగ్‌ను సమర్థించినప్పటి నుంచి, ఇళ్ళున్న చోట ఇళ్ళే ఉంటాయన్న నమ్మకంతోనే ఈ దేశంలో మధ్యతరగతి కుటుంబాలు జీవితకాలపు అప్పు చేసి ఇల్లు కొనుక్కుంటున్నాయి. ఆ నమ్మకం చెడుతుందేమోనని భయపడేవాళ్ళందరూ మీ మతాన్నో, మీ రంగునో ద్వేషిస్తున్నారని అనుకోవద్దు. కొందరిలో ఆ ద్వేషం ఉండవచ్చు. కాని ఎవరు ఏ కోవకు చెందినవారో వాళ్ళ గుమ్మం ముందు నిలబడి మాట్లాడితే గాని తెలియదు.

అందుకని, చట్టప్రకారం నగరం పంపే నోటీసు వాళ్ళ పోస్టు పెట్టెలో పడకముందే మీరు వెళ్ళండి. గుంపుగా వద్దు, ఇద్దరిద్దరుగా వెళ్ళండి. పాస్టరుగారు ఒక్కరే వెళ్ళడం కూడా నాకు ఇష్టం లేదు, ఎందుకంటే అప్పుడు మాట నేల మీద నుంచి మతం మీదికి సులువుగా జారిపోతుంది. చేతిలో సైట్ ప్లాన్ ఉండాలి, పెన్సిలు ఉండాలి. పూర్తయిన రంగుల బొమ్మ చూపిస్తే అంతా ముందే నిర్ణయించేసుకుని వచ్చారనుకుంటారు. పెన్సిలు గీతలు చూపిస్తే తమ మాటకు ఇంకా చోటున్నదనుకుంటారు. విన్న ప్రతి అభ్యంతరాన్నీ వాళ్ళ ఎదుటే ప్లాన్ మీద రాయండి.

ఇలా వినడం ఎందుకు అవసరమో ఒక ఉదాహరణ చెబుతాను. మా కమిషన్ ముందుకు వచ్చిన ఒక చర్చి కేసులో, ఎదురింటి పెద్దావిడ ట్రాఫిక్ పెరుగుతుందని పదే పదే ఆక్షేపించింది. చర్చివాళ్ళ ఇంజనీరు లెక్కలు తీసి రోడ్డు సామర్థ్యం సరిపోతుందని నిరూపించాడు, ఆమె మాత్రం శాంతించలేదు. చివరికి ఒక సభ్యురాలు ఓపికగా అడిగితే, ఆవిడ తన పడకగది కిటికీ ఫోటో తీసి చూపించింది. పార్కింగ్ నుంచి బయటికి వచ్చే దారి సరిగ్గా ఆ కిటికీకి ఎదురుగా ఉంది. బుధవారం రాత్రి ప్రార్థన ముగిశాక ఒక్కొక్క కారూ మలుపు తిరిగినప్పుడల్లా హెడ్‌లైట్ల వెలుతురు ఆమె మంచం మీద పడుతుంది. ట్రాఫిక్ అని ఆమె అన్నది దీని గురించే. దారిని కొన్ని అడుగులు పక్కకు జరిపి, ఏడాది పొడవునా ఆకు రాలని చెట్లు ఒక వరుస నాటడానికి చర్చివాళ్ళు ఒప్పుకోగానే ఆమె తన అభ్యంతరం ఉపసంహరించుకుంది. ఎన్ని పేజీల ట్రాఫిక్ స్టడీ చేయించినా ఆ కిటికీ సంగతి బయటపడేది కాదు.

అలాగని ట్రాఫిక్ స్టడీ వద్దనడం లేదు. అయితే దాన్ని పనిదినం ఉదయం రద్దీలో చేయించి ఊరుకోవద్దు. ఆఫీసులకు చేసే లెక్క అది. చర్చికి అసలు రద్దీ ఆదివారం ఆరాధన మొదలయ్యే ముందూ, ముగిసిన వెంటనేనూ ఉంటుంది. పార్కింగ్ విషయంలో చాలా ఊళ్ళ నియమాలు మూడు లేదా నాలుగు సీట్లకు ఒక కారు స్థలం చొప్పున అడుగుతాయి. మన కుటుంబాలు ఒక్కోసారి రెండు కార్లలో వస్తాయని నీకూ తెలుసు. ఇప్పుడు బడి దగ్గర ఆదివారం ఎన్ని కార్లు ఆగుతున్నాయో నిజాయితీగా లెక్కపెట్టించి, పండుగనాడు ఎన్ని వస్తాయో వేరుగా రాయించి, ఆ రోజుల కోసం దగ్గరలోని ఏదైనా సంస్థతో రాతపూర్వకంగా అదనపు పార్కింగ్ ఒప్పందం చేసుకోండి. తక్కువ చేసి చెప్పిన లెక్క మొదటి క్రిస్మస్‌కే బయటపడుతుంది, ఆ తరువాత మీ మాట ఎవరూ నమ్మరు.

వాన నీటిని అందరూ ఆఖరున తలుచుకుంటారు, నేను మాత్రం ముందు చూస్తాను. గడ్డి నేల పీల్చుకునే నీళ్ళు తారు పరిచాక పల్లానికి పరుగెడతాయి, ఆ పల్లంలో ఎవరిదో బేస్‌మెంట్ ఉంటుంది. నీటిని ఆపి మెల్లగా వదిలే గుంట ఎక్కడ తవ్వుతారో, దాన్ని ఎవరు శుభ్రం చేస్తారో ప్లాన్‌లోనే ఉండాలి. దీపాల వెలుగు మీ హద్దు దాటకుండా కిందికే పడాలి, రాత్రి ఫలానా వేళకు ఆరిపోవాలి. మైకులు భవనం లోపలే ఉండాలి. శిఖరం ఎత్తు గురించి పట్టుబట్టవద్దు. ఇలాంటివన్నీ అనుమతి షరతులుగా రాయమని మీరే అడగండి. నోటిమాట మీద ఎంత నమ్మకమున్నా, కాగితం మీది షరతు ఇచ్చే ధైర్యం పొరుగువాళ్ళకు అది ఇవ్వదు.

ఒప్పుకోకూడనివి కూడా ఉన్నాయి. సభ్యుల సంఖ్యకు భవనంతో సంబంధం లేని పరిమితి, వారానికి ఇన్ని ప్రార్థనలే అన్న నిబంధన, వేరే మతసంస్థలకు లేని కొలత మీకు మాత్రమే పెట్టడం వంటివి వస్తే మర్యాదగా, స్పష్టంగా కాదనండి. 2000 సంవత్సరంలో అమెరికా కాంగ్రెస్ చేసిన, న్యాయవాదులు రలూపా అని పిలిచే చట్టం ఇక్కడ మీకు అండ. గట్టి ప్రజాప్రయోజనం లేకుండా, ఆ ప్రయోజనానికి అతి తక్కువ నియంత్రణతో సరిపోయే మార్గం వెతకకుండా, జోనింగ్ పేరుతో ఆరాధన మీద గణనీయమైన భారం మోపకూడదనీ, మతేతర సభాస్థలాల కంటే మతసంస్థలను తక్కువగా చూడకూడదనీ, ఒక మతానికీ మరొక మతానికీ తేడా చేయకూడదనీ అది చెబుతుంది. న్యూజెర్సీలోని బెర్నార్డ్స్ టౌన్‌షిప్‌లో ఒక మసీదు దరఖాస్తు మీద 39 విచారణలు జరిగాయి. మామూలు కొలత ప్రకారం 50 కార్లకు స్థలం చాలుతుండగా 107 కార్లకు చూపించమన్నారు. చివరికి 2017లో ఆ ఊరు 32 లక్షల 50 వేల డాలర్లు చెల్లించి రాజీపడింది. అయితే ఈ చట్టం జోనింగ్ నుంచి మినహాయింపు కాదు. దరఖాస్తు పెట్టాలి, విచారణకు రావాలి, హద్దు నుంచి భవనం దాకా ఖాళీ వదలమనే, అందరికీ ఉన్న సెట్‌బ్యాకులు పాటించాలి. దీన్ని కత్తిలా తిప్పుతూ మొదటి రోజే కోర్టు మాట ఎత్తితే, మీ పట్ల సానుభూతి ఉన్న కమిషనర్లు కూడా నగర న్యాయవాది వెనక్కి వెళ్ళిపోతారు.

విచారణ రోజు ఎవరెవరు మాట్లాడతారో ముందే తేల్చుకోండి. వాస్తుశిల్పి, ట్రాఫిక్ ఇంజనీరు, నీవు, సంఘంలో ఆ చుట్టుపక్కలే నివసించే ఒక కుటుంబం ఉంటే వారు, అంతే చాలు. బస్సులు పెట్టి జనాన్ని తరలించవద్దు. నిండిన హాలును చూస్తే పొరుగువాళ్ళకు ఆదివారం ట్రాఫిక్ కళ్ళకు కడుతుంది. పాస్టరుగారు సంఘం చేసే పనుల గురించి క్లుప్తంగా చెప్పవచ్చు, ప్రసంగం మాత్రం వద్దు. కమిషనర్లను చూసి మాట్లాడండి, ఎదురు వర్గాన్ని చూసి కాదు. ఈ విచారణలు చాలాచోట్ల సగం కోర్టు వంటివి కనుక ఏ కమిషనరుకూ చాటుగా ఫోను చేయవద్దు. అప్పీలుకు వెళితే అక్కడ చూసేది ఆ రోజు రికార్డులో చేరినదాన్నే కాబట్టి ప్రతి పటాన్నీ, ప్రతి లేఖనూ గుమాస్తాకు ఇచ్చి రికార్డులో చేర్పించండి. ఎవరైనా మీ పుట్టుక గురించో, విశ్వాసం గురించో నీచంగా మాట్లాడితే మనసు చివుక్కుమంటుంది, అది నాకు తెలుసు. ఆ క్షణంలో బదులివ్వకు. ఎవరన్నారు, ఏ మాటన్నారు, ఎప్పుడన్నారు అన్నది రాసిపెట్టుకుని మీ న్యాయవాదికి ఇవ్వు.

అనుమతి నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా తీసుకోండి. అప్పీలు గడువు చాలా రాష్ట్రాల్లో వారాల్లోనే ముగిసిపోతుంది కనుక మరుసటి రోజే న్యాయవాదిని కలవండి. అదే సమయంలో మాటల దారి మూసేయవద్దు. టెక్సస్‌లోని బర్నీలో, 1923లో కట్టిన తమ చర్చిని పెంచుకోవడానికి అనుమతి రాక కాథలిక్కులు వేసిన దావా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1997లో అక్కడ వాళ్ళు ఓడిపోయారు. ఆ తరువాత ఊరూ, చర్చీ కూర్చుని మాట్లాడుకుని, పాత కట్టడంలో ఎక్కువ భాగం అలాగే ఉంచి వెనకవైపు పెంచుకునే ఏర్పాటుకు వచ్చారు.

సైట్ ప్లాన్ గీత ఒక రూపానికి రాగానే, దరఖాస్తు పెట్టేలోగా నాకొక ప్రతి పంపు. నీళ్ళు ఎటు పారుతున్నాయో చూపే పటమూ, ఆదివారం కార్ల లెక్కా కూడా జతచేయి. ఎదురింటి కిటికీలు ఎక్కడెక్కడ ఉన్నాయో నీవే నడిచి చూసి ఆ ప్లాన్ మీద గుర్తుపెట్టు. పాస్టరుగారికి నా వందనాలు, అమ్మకు నా ప్రేమ తెలియజేయి.

నీ మేలు కోరే,
మామయ్య