నడక మొదలుపెట్టారు సరే, గోళీలు ఎందుకు ఆపారు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవ. షుగర్, బీపీ, థైరాయిడ్ గోళీలు (మాత్రలు) మానొచ్చా, మానకూడదా, ఎప్పుడు మానాలి. అన్నిటికీ రాయలేను కాబట్టి నాలుగు తీసుకున్నా. మీ ఉత్తరం ఇక్కడ లేకపోతే కోపం తెచ్చుకోకండి, మీ సంగతి వీటిలో ఎక్కడో ఒకచోట ఉంటుంది.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఆయనకు 52 ఏళ్ళు. మూడేళ్ళ కింద షుగర్ బయటపడింది. మెట్‌ఫార్మిన్ 500 రోజుకు రెండు, బీపీకి మెటోప్రొలాల్ ఒకటి వేసుకునేవారు. పోయిన దసరా తర్వాత పొద్దున్నే భద్రకాళి బండ్ మీద గంట నడక మొదలుపెట్టారు, రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె. 82 కిలోల మనిషి 75కు వచ్చారు. మొన్న హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష) 6.3 వచ్చింది. అంతే, "నాకు షుగర్ పోయింది" అని గోళీలన్నీ చెత్తబుట్టలో వేశారు, బీపీవి కూడా. ఇరవై రోజులైంది. అడిగితే "జన్మంతా మింగితే కిడ్నీలు పోతాయి" అంటున్నారు. వాటి బదులు నేరేడు గింజల పొడి, కాకరకాయ రసం. ఇంట్లో రోజూ ఇదే లొల్లి.
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు మీకు నచ్చని మాట చెప్తా. మీ ఆయనను నేను తిట్టను. ఏడు కిలోలు తగ్గడం, అదీ పెళ్ళిళ్ళూ దావత్‌లూ ఉన్న మన ఊళ్ళో, మాటలు కాదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో "నడవండి" అంటే తలూపి వెళ్ళేవాళ్ళే ఎక్కువ, నడిచేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. షుగర్ వచ్చిన మొదటి కొన్నేళ్ళలో బరువు బాగా తగ్గితే గోళీల అవసరం లేకుండా పోవడం నిజంగా జరుగుతుంది. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. రోజుకు ఎనిమిది వందల పైచిలుకు కేలరీలతో కొన్ని నెలలు కఠిన పథ్యం పెట్టారు, ఆ తర్వాత మెల్లగా మామూలు తిండికి తెచ్చారు. ఏడాది తిరిగేసరికి పథ్యం చేసినవాళ్ళలో 46 శాతం మంది షుగర్ గోళీ లేకుండానే, హెచ్‌బీఏ1సీలో షుగర్ అని తేల్చే 6.5 గీతకు కింద ఉన్నారు. 15 కిలోలు, అంతకన్నా ఎక్కువ తగ్గినవాళ్ళను మాత్రమే చూస్తే 86 శాతం. కాలేయంలో, క్లోమంలో పేరుకున్న కొవ్వు కరిగితే ఇన్సులిన్ మళ్ళీ పనిలోకి వస్తుంది, అదీ కిటుకు. కాని వాళ్ళంతా షుగర్ వచ్చి ఆరేళ్ళు దాటనివాళ్ళు, ఇన్సులిన్ వాడనివాళ్ళు. రెండో ఏడాదికి ఆ 46 కాస్తా 36 అయింది, ఈ ముక్క మాత్రం వాట్సాప్‌లో ఎవరూ పంపరు.

ఇక మీ ఆయన ఎక్కడ తప్పారంటే, ఆ కాగితం చదవడంలో. మన ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, అన్ని రోజులూ దానికి అంటుకున్న చక్కెర ఎంతో హెచ్‌బీఏ1సీ చెప్తుంది. అంటే రెండు మూడు నెలల సగటు. ఆ నెలల్లో ఆయన నడిచారు, రొట్టె తిన్నారు, రోజుకు రెండు గోళీలు కూడా వేసుకున్నారు. ఆ 6.3 ముగ్గురూ కలిసి తెచ్చిన మార్కు. అందులో గోళీ వాటా ఎంతో, నడక వాటా ఎంతో ఆ కాగితం చెప్పదు. గోళీ లేని మార్కు తెలియాలంటే ఆపిన మూడు నెలలకు మళ్ళీ చేయించాలి. అప్పుడూ 6.5 కింద ఉంటే డాక్టర్లు దాన్ని రెమిషన్ అంటారు, అప్పుడు మిఠాయి పంచుకోండి (చిన్న ముక్క). ఈలోగా గ్లూకోమీటర్‌తో వారానికి రెండుసార్లు పరగడుపున, ఒకసారి భోజనం అయిన రెండు గంటలకు చూసి నోట్‌బుక్‌లో రాయండి. పరగడుపు 130 దాటుతూ పోతే వాదన అక్కర్లేదు, గోళీ వెనక్కి రావాల్సిందే. ఆ నోట్‌బుక్ పట్టుకెళ్తే డాక్టర్ గారే ఒక పూట గోళీ తగ్గించి చూద్దాం అనొచ్చు. అడగాల్సిన మాట అదే, "నాకు తగ్గించడానికి వీలుందా" అని. అడిగితే కోప్పడతారని మన జనానికి భయం, అందుకే చెప్పకుండా మానేస్తారు.

నాకు నిజంగా టెన్షన్ పెట్టింది షుగర్ గోళీ కాదు, మెటోప్రొలాల్. అది గుండె వేగాన్ని, బీపీని పట్టి ఉంచే మందు, ఒక్కరోజులో ఆపేస్తే పట్టు వదిలిన గుండె ఎగిరి కొట్టుకోవచ్చు, బీపీ తన్నుకొస్తుంది, గుండెజబ్బు ఉన్నవాళ్ళకు ఛాతీనొప్పి కూడా రావచ్చు. దాన్ని ఎప్పుడైనా మెల్లగా తగ్గించాలి. ఇరవై రోజులు గడిచింది కాబట్టి చెత్తబుట్టలోంచి తీసి మళ్ళీ మింగించకండి, ఇవాళ సాయంత్రంలోగా మీ దగ్గర్లోని బస్తీ దవాఖానకైనా తీసుకెళ్ళి బీపీ చూపించండి, ఉచితమే. బీపీ మామూలుగా ఉంటే సంతోషం, లేకపోతే మందు ఏది, ఎంత అనేది వాళ్ళు చెప్తారు.

కిడ్నీల మాట. ఇది వరంగల్ జిల్లాల్లో ప్రతి ఊళ్ళోనూ వింటాను. కిడ్నీలను తినేది అదుపులో లేని షుగర్, అదుపులో లేని బీపీ. మెట్‌ఫార్మిన్ కిడ్నీలను పాడుచేయదు, కిడ్నీలు అప్పటికే బాగా దెబ్బతిన్నవాళ్ళకు ఆ మందు ఆపుతాం, దాన్ని తిరగేసి చెప్పుకుంటున్నారు. ఈ భయం ఉన్న పెద్దమనుషులే మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అడిగి నెలల తరబడి మింగుతారు, కిడ్నీకి నిజంగా చేటు చేసేది అది! మెట్‌ఫార్మిన్‌తో వచ్చే ఇబ్బందులు వేరే ఉన్నాయి. కొందరికి గ్యాస్, విరేచనాలు, అందుకే అన్నంతో పాటు వేసుకోమంటాం. ఏళ్ళ తరబడి వాడితే బీ12 విటమిన్ తగ్గొచ్చు, అరికాళ్ళు తిమ్మిర్లెక్కితే ఆ పరీక్ష అడిగి చేయించుకోండి.

నేరేడు పొడి సంగతి ఆయనకు ఇలా చెప్పండి. మెట్‌ఫార్మిన్ కథ మొదలైందే ఒక మొక్కతో, గలేగా అని యూరప్ మొక్క, అక్కడి పల్లెటూళ్ళలో నాటు మందు. దాన్ని ఎక్కువ మేస్తే గొర్రెలు చచ్చేవి. ఆ మొక్కలోని పదార్థాన్ని పట్టుకుని, మార్చి, మోతాదు తేల్చి 1957లో ఫ్రాన్స్‌లో షుగర్ రోగులకు ఇవ్వడం మొదలుపెట్టారు. మీ ఆయన గిన్నెలో ఉన్న పొడిలో మోతాదు ఎంతో అమ్మినవాడికీ తెలియదు. ఇలాంటి కొన్ని పొడుల్లో ఇంగ్లీషు షుగర్ గోళీలే నూరి కలిపిన కేసులు కూడా బయటపడ్డాయి. కాకరకాయ కూర చేయండి, అభ్యంతరం లేదు, కారం పెట్టి వేపుడు చేస్తే నాకూ ఇష్టం.

జొన్నరొట్టె కూడా లెక్కే అని చెప్పడం మరిచా. జొన్నరొట్టె అయితే ఎన్నయినా తినొచ్చు అనుకుంటారు, మూడు రొట్టెలు తింటే మూడు రొట్టెల పిండి ఒంట్లోకి పోతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం పళ్ళెంలో సగం కూరగాయలు, పళ్ళే ఉండాలి. రెండు రొట్టెలు, గిన్నెడు పప్పు, తోటకూర, అంతే చాలు.

నా సంగతీ చెప్పేస్తా, ఎలాగూ అడుగుతారు. ఒకప్పుడు నేనూ తొక్కులూ అప్పడాలూ బంద్ పెట్టి, బీపీ 130కి రాగానే గోళీ మానేసి, ఎవరికీ చెప్పలేదు, డాక్టర్ని కదా. నెలన్నరకు 168. మా ఆవిడ ఆ చీటీని ఇప్పటికీ ఫ్రిజ్ మీద అంటించి ఉంచింది.

ప్రశ్న: సార్, నాకు కిరాణా దుకాణం. పదకొండేళ్ళుగా షుగర్. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన గోళీ వాడుతున్నా. నడిచే టైం లేదు. పెళ్ళికో దావత్‌కో పోయిన రోజు ఒక గోళీ ఎక్కువ వేసుకుని లెవల్ చేసుకుంటా. మొన్న శివరాత్రికి ఉపవాసం ఉండి, గోళీ మాత్రం మరవకుండా వేసుకుని వేయి స్తంభాల గుడికి పోతే లైన్‌లో చెమటలు పట్టి, చేతులు వణికి, కూలబడిపోయా. గోళీ మార్చాలా?
– నర్సంపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, గోళీ మార్చే ముందు అలవాటు మార్చాలి. మీ గోళీలో గ్లిమిపిరైడ్ ఉంది చూశారూ, అది క్లోమాన్ని పిండి ఇన్సులిన్ బయటికి తెస్తుంది. మీరు తిన్నారా, శివుడి కోసం పస్తున్నారా అని దానికి తెలియదు. తినని రోజు అది పనిచేస్తే చక్కెర పడిపోతుంది. ఆ చెమట, ఆ వణుకు అదే, భక్తి పారవశ్యం అనుకున్నారేమో పక్కవాళ్ళు. అలా అనిపించిన వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగాలి, పావుగంట ఆగి షుగర్ చూసుకోవాలి, ఇంకా 70 కిందే ఉంటే మళ్ళీ తాగాలి, ఆ తర్వాత ఏదైనా తినాలి. జేబులో రెండు గ్లూకోజ్ బిళ్ళలు ఎప్పుడూ ఉండనివ్వండి. ఉపవాసం ఉండాలనుకుంటే వారం ముందే డాక్టర్‌ను అడిగితే ఆ రోజుకు గోళీ ఎలా సర్దుకోవాలో చెప్తారు.

దావత్‌కు అదనపు గోళీ మాత్రం పూర్తిగా మానండి. బగారా అన్నం, మటన్, పైన డబుల్ కా మీఠా, దాన్ని ఒక గోళీ లెవల్ చేయదు, అర్ధరాత్రి నిద్రలో చక్కెర పడిపోవచ్చు, అప్పుడు లేపేవాళ్ళెవరు? టైం లేదన్నారు. దుకాణం బంద్ చేశాక భోంచేసి వీధి చివరిదాకా రెండుసార్లు తిరగండి, పదిహేను నిమిషాలు. కండరం కదిలితే ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోంచి చక్కెరను లాక్కుంటుంది, అదీ అన్నం తిన్న వెంటనే, చక్కెర పెరిగే సమయంలో. పదకొండేళ్ళ షుగర్‌కు నడకతో గోళీలు పోతాయని నేను చెప్పను. పెరగకుండా ఆగొచ్చు, అది కూడా తక్కువేం కాదు.

ప్రశ్న: మా తమ్ముడికి 31 ఏళ్ళు, ప్రైవేట్ ఉద్యోగం, రోజంతా కుర్చీలోనే. హెచ్‌బీఏ1సీ 5.9. ఇప్పటి నుంచే గోళీలు వేస్తే షుగర్ రాకుండా ఉంటుందా?
– కాజీపేట

జవాబు: 5.7 నుంచి 6.4 దాకా ప్రీ డయాబెటిస్, అంటే షుగర్ ఇంకా రాలేదు, గడప దాకా వచ్చింది. అమెరికాలో ఇలాంటివాళ్ళ మీద చేసిన పెద్ద అధ్యయనం 2002లో వచ్చింది, నడక, తిండి మార్పులతో షుగర్ రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్‌తో 31 శాతం. వాళ్ళ సంగతి మనకెందుకు అంటారేమో, చెన్నైలో మనవాళ్ళ మీదే చేసి 2006లో ప్రచురించారు. తిండి, వ్యాయామంతో 28.5 శాతం, గోళీతో 26.4, రెండూ కలిపితే 28.2. అంటే రెండూ కలిపినా అదనంగా ఒరిగింది లేదు. మీ తమ్ముడికి షూ కొనివ్వండి. వారానికి 150 నిమిషాలు, ఏ గ్రౌండ్‌లో అయినా సరే. ఏడాదికోసారి పరీక్ష. బాగా లావుగా ఉంటే గోళీ సంగతి డాక్టర్‌తో మాట్లాడొచ్చు.

ప్రశ్న: అమ్మకు థైరాయిడ్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష) 18. యోగాతో తగ్గుతుందని పక్కింటివాళ్ళు అంటే గోళీ ఆపింది. ఆపొచ్చా?
– పరకాల

జవాబు: ఆపకూడదు. షుగర్‌లో ఒంటికి ఇన్సులిన్ వాడుకోవడం రాక ఇబ్బంది, నడక దానికి సాయం చేస్తుంది. టీఎస్‌హెచ్ అంత ఎక్కువ ఉందంటే మీ అమ్మగారి థైరాయిడ్ గ్రంథి హార్మోన్ సరిపడా తయారు చేయడం లేదు, గోళీలో ఉన్నది ఆ హార్మోనే. ఆసనాలు వేస్తే ఒళ్ళు తేలికవుతుంది, నిద్ర పడుతుంది, వేయనివ్వండి, కాని లేని హార్మోన్ పుట్టదు. ఎన్నాళ్ళు ఆపారో డాక్టర్‌కు చెప్పి గోళీ మళ్ళీ మొదలుపెట్టించండి, మోతాదు కుదిరిందో లేదో ఆరు నుంచి ఎనిమిది వారాలకు పరీక్షలో తెలుస్తుంది. పొద్దున లేవగానే పరగడుపున మంచినీళ్ళతో వేసుకోవాలి. క్యాల్షియం, ఐరన్ గోళీలు ఉంటే నాలుగు గంటల ఎడం. చాయ్ గంట ఆగాకే, ఎంత పోరు పెట్టినా.