పని ఆవిడది, పదవి వేరేవాళ్లదా?

ప్రశ్న: మా అమ్మాయి న్యూజిలాండ్‌లోని సౌత్ ఆక్లాండ్‌లో టీచర్. తోటి టీచర్ ఒకావిడ సమోవా మనిషి, ఎంతో సర్వీసు ఉంది, పిల్లలకి ప్రాణం. డిప్యూటీ ప్రిన్సిపాల్ పోస్టు రెండుసార్లు చేజారిందట. అక్కడ సీనియారిటీ చూడరా? నేను జిల్లా పరిషత్ స్కూల్లో చేసి రిటైరయ్యాను.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చూడరు మేడమ్. మనకి సీనియారిటీ జాబితాలో పేరుంటుంది, డిపార్ట్‌మెంట్ టెస్టులు పాసైతే వంతు వచ్చినప్పుడు హెడ్మాస్టర్ అవుతారు. న్యూజిలాండ్‌లో 1989 సంస్కరణలతో ప్రతి ప్రభుత్వ స్కూలుకీ ఒక బోర్డు వచ్చింది, అందులో తల్లిదండ్రులు ఎన్నుకున్నవాళ్లు ఉంటారు, ప్రిన్సిపాల్‌ని వేసుకునేది ఆ బోర్డే. కింది పదవులకీ అప్లికేషన్, ఇంటర్వ్యూ తప్పవు.

పసిఫికా టీచర్లకి, అంటే పసిఫిక్ సముద్రంలోని సమోవా, టోంగా, కుక్ దీవుల మూలాలున్నవాళ్లకి, దెబ్బ తగిలేది అక్కడే. పెద్దల ముందు గొప్పలు చెప్పుకోకూడదని పెరిగిన మనిషి "అందరం కలిసి చేశాం" అంటుంది, ప్యానెల్ వాళ్లేమో ఈవిడకి చొరవ లేదని రాసుకుంటారు. దానికితోడు ఈ దీవుల వాళ్లని ఫ్యాక్టరీ పనులకి పిలిపించుకుని, 1970ల్లో తెల్లవారుజామున ఇళ్ల మీద పడి వీసా కాగితాలు అడిగిన దేశం అది. దానికి అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ క్షమాపణ చెప్పింది 2021లో! వీళ్లు పనికే గానీ పెత్తనానికి కాదన్న చూపు ఒక్క క్షమాపణతో పోతుందా?

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. బడి మానేసిన పిల్లాడి ఇంటికెళ్లి, వాళ్ల నాయనమ్మ పక్కన కూర్చుని రిపోర్టు కార్డు సమోవన్‌లో చదివి చెప్పేది ఎవరు? మార్చిలో జరిగే పాలీఫెస్ట్ అనే స్కూలు పిల్లల డ్యాన్స్ పండగ కోసం బడి అయ్యాక కూడా పిల్లలతో డ్యాన్స్ రిహార్సల్స్ చేయించేది ఎవరు? ఆవిడలాంటి వాళ్లే. దాన్ని "మీ వాళ్ల పనే కదా" అని తీసిపారేసి, టైమ్‌టేబుల్ వేసిన వాళ్లని లీడర్ అంటే ఎలా?

అక్కడ అదనపు బాధ్యతలకి జీతంలో యూనిట్లు కలుపుతారు. ఈ పనికీ యూనిట్ ఇవ్వమని ఆవిడ రాతపూర్వకంగా అడగాలి. ఏ పిల్లల హాజరు పెరిగిందో, ఏ తల్లిదండ్రులు మీటింగులకి రావడం మొదలుపెట్టారో అప్లికేషన్‌లో పెట్టాలి. ఆ పోస్టు తనకి ఎందుకు ఇవ్వలేదో కూడా నిలదీసి అడగొచ్చు. మీ అమ్మాయి చేయగలిగిందీ ఉంది: స్టాఫ్ మీటింగులో ఆవిడ పేరు పెట్టి ఆ పని గురించి మాట్లాడడం. బోర్డుకి మూడేళ్లకోసారి ఎన్నికలుంటాయి, సమోవా తల్లిదండ్రులని నిలబడమని ఇప్పటినుంచే అడగమనండి.