గడియారం ఒక్క గంట మారితే పనిలో దెబ్బలు పెరుగుతాయా?

పెరుగుతాయి, గడియారాన్ని ముందుకు జరిపి నిద్ర కోసినప్పుడు. అమెరికాలో ఏటా ఎండాకాలానికి ముందు ఒక ఆదివారం గంట ముందుకు జరుపుతారు. 1983 నుంచి 2006 దాకా అక్కడి గనుల లెక్కలు చూస్తే, ఆ మర్నాడు సోమవారం దెబ్బలు 5.7 శాతం ఎక్కువ. కానీ వాటివల్ల పోయిన పనిదినాలు ఏకంగా 67.6 శాతం ఎక్కువ. అసలు భయపడాల్సింది ఈ రెండో అంకెకే: తగిలే దెబ్బ పెద్దదవుతోంది.

కారణం సింపుల్. ఒంట్లో గడియారం వెలుతురును బట్టి నడుస్తుంది, గోడ గడియారాన్ని బట్టి కాదు. నిద్ర పాత టైముకే పడుతుంది, అలారం మాత్రం ముందే మోగుతుంది. ఆ రాత్రి పోయేది సుమారు 40 నిమిషాల నిద్రే. అయినా మనిషి మేలుకునే ఉండి ఒకట్రెండు క్షణాలు ఖాళీ అయిపోతాడు.

గోదావరిఖని, భూపాలపల్లి వైపు బొగ్గుబాయిలో పైకప్పును కడ్డీతో తట్టి శబ్దం వింటారు. ఖంగుమంటే గట్టిది, బోలుగా వినిపిస్తే ఊడే రాయి. నిద్రమత్తులో ఆ తేడా చెవికెక్కకపోతే చాలు.

‘మన దేశంలో గడియారం మార్చరుగా, మనకేం?’ అనుకోవడం పొరపాటు. నైట్ షిఫ్టు నుంచి పొద్దుటి షిఫ్టుకు మారితే జరిగేది గంట కాదు, 8 గంటలు. ఇంకోటి, అమెరికాలో చలికాలం ముందు మళ్లీ గడియారాన్ని గంట వెనక్కి తిప్పినప్పుడు దెబ్బలు తగ్గుతాయనుకుంటారు. ఆ గనుల లెక్కల్లో అలాంటి తగ్గుదల కనిపించలేదు.