స్టాంపు గడువు తీరాక ఇండియా ప్రయాణం: మీ ప్రశ్నకు సమాధానం

పాస్‌పోర్టులోని హెచ్-1బీ (అమెరికాలో ఉద్యోగానికిచ్చే వీసా) స్టాంపు గడువు తీరిపోయిందని, పొడిగింపు మాత్రం మంజూరైందని, చెల్లెలి పెళ్లికి విజయవాడ వెళ్లి ఆ పొడిగింపు మంజూరు పత్రమైన ఐ-797 కాగితంతోనే తిరిగి రావచ్చా అని అడిగారు. రాలేరండీ. ఆ కాగితం మీరు అమెరికాలో ఉండి పనిచేయడానికే పనికొస్తుంది. బయటికి వెళ్లి మళ్లీ ప్రవేశించాలంటే చెల్లుబాటయ్యే స్టాంపు ఉండాలి, లేకుంటే విమానమే ఎక్కనివ్వరు.

గడువు తీరిన స్టాంపుతోనే తిరిగి రానిచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ ఉందని మీ మిత్రుడు చెప్పారన్నారు, కానీ అది కెనడా, మెక్సికోలకు మాత్రమే వెళ్లి 30 రోజుల్లోపు తిరిగొచ్చేవారి కోసం. అక్కడ కొత్త వీసాకు దరఖాస్తు చేసుకుంటే ఆ వెసులుబాటూ పోతుంది. అమెరికాలోనే స్టాంపింగ్ చేసిన ప్రయోగం 2024లోనే ముగిసింది.

కనుక డీఎస్-160 (ఆన్‌లైన్ వీసా దరఖాస్తు) నింపి, హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ స్లాట్ ఖాయమయ్యాకే టికెట్లు కొనండి. 2025 సెప్టెంబరులో హెచ్-1బీకి డ్రాప్‌బాక్స్ (ఇంటర్వ్యూ లేకుండా పత్రాలు మాత్రమే ఇచ్చే పద్ధతి) ఎత్తేశారు కాబట్టి ఇంటర్వ్యూ తప్పదు. ఆ డిసెంబరు నుంచి సోషల్ మీడియా ఖాతాలనూ పరిశీలిస్తున్నారు, వాటిని అందరికీ కనబడేలా ఉంచాలి. ఆ మార్పుతో చాలామంది అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి. అంతకాలం అక్కడి నుంచి పనిచేయనిస్తారో లేదో మీ మేనేజరు నోటిమాటగా కాక, హెచ్ఆర్ ద్వారా ఈమెయిల్‌లో రాయించుకోవడం నా దృష్టిలో స్లాటు కన్నా ముఖ్యం.

పాస్‌పోర్టు గడువు ఐ-797 తేదీకన్నా ముందే తీరిపోయేలా ఉంటే దాన్ని కూడా ముందే పునరుద్ధరించుకోండి, ఎందుకంటే తిరిగొచ్చినప్పుడు ఐ-94ను (అమెరికాలో ఎప్పటివరకు ఉండొచ్చో తెలిపే నమోదు) పాస్‌పోర్టు తేదీకే కుదించవచ్చు.